తెల్లకన్ను బాతు, తుంగ మడి బంద్రు

అలావుత్ర సరస్సు ఒడ్డు,
ఆగస్టు 14

ఒరే త్సిలవూ,

ఫోను చేస్తే పలకడం లేదని నా మీద అలిగావట, లారీ డ్రైవరు రివు చెప్పాడు. పలకడానికి ఫోనుంటే కదా! వల దులుపుతుంటే రొంటిన దోపుకున్నది జారి సరస్సులో పడింది. ఇప్పుడది చేపలతో కబుర్లు చెబుతోంది. ఇకమీదట ఉత్తరాలే. ఉత్తరాదికి లోడు పడినప్పుడల్లా నీకు చేరుస్తానని రివు మాటిచ్చాడు. మర్చిపోకుండా కాసిని ఎండుచేపలు చేతిలో పెట్టాను.

అసలు సంగతి విను. పెదనాన్న కుటుంబం మొత్తాన్ని సభకి కూర్చోబెట్టబోతున్నాడు. మొన్నటి వానలకి కొండల మీది ఎర్రమట్టి కొట్టుకొచ్చి మన పాత పొలాలన్నిటికీ ఇసుక మేట వేసింది. నాట్లు వేసినచోట కంకి లేదు. నాన్న వదిలిపోయిన తుంగ మడిని తగలబెట్టి, అక్కడ కొత్తగా వరి వేయాలని పెదనాన్న పట్టు. పెద్దాయన మాటకి ఎదురు చెప్పేవాళ్ళెవరు? నేను నోరు తెరిస్తే, “ఆడపిల్లవి, అన్నం ఉడికిందో లేదో చూసుకో తల్లీ” అంటాడు.

నాన్న పోయేముందు ఏమన్నాడో నువ్వూ విన్నావు. “ఆ మడికి నిప్పు పెట్టకండి, వాళ్ళు ఎక్కడికి పోతారు?” అన్నాడు. వాళ్ళంటే మన తుంగ లీమర్లు, బంద్రులే. మంచులో దారి తప్పిన ముత్తాత ఆ బంద్రుల అరుపు పట్టుకునే కదా ఒడ్డు చేరాడు! అప్పటినుంచి మన వంశంలో వాటిని చంపడం ఫాది, చేయరాని పని. చంపడమేం ఖర్మ, చెయ్యి వేయడం కూడా ఎరగం. వాటిలో చెవి తెగిన ఆవిడ ఇంకా ఉంది. ఈసారి కూడా కడుపుతో ఉన్నట్టుంది. దోనె పక్కగా పోతే తుంగ కాడ ఒలుచుకు తింటూ నన్ను అత్తగారిలా చూస్తుంది.

నువ్వు రావాలిరా. నాన్న కొడుకువి, సభలో నిలబడి ఒక్క మాట చెప్తే చాలు. ఊళ్ళోవాళ్ళ బాతుల్ని సాకింది చాలు, ఇంటి సంగతి కూడా కాస్త చూడు.

నీ అక్క,
సువజార

*

సుఫియా చెరువు,
సెప్టెంబరు 3

అక్కా,

నీ ఉత్తరం చదివి ముందు నవ్వాను. చివరికొచ్చేసరికి నవ్వు పోయింది. ఎండుచేపల్లో రివు సగం తినేసి మిగతా సగం నాకిచ్చాడు, అందుకు కూడా దణ్ణాలు.

ఇప్పుడు రాలేనక్కా. గుడ్లు పగిలే రోజులు. చెరువు మీద తేలే పంజరాలు కట్టాం, పిల్లలు వాటిలో పెరగాలి. ఒక్క పూట మేత తప్పినా, ఒక్క పాము దూరినా ఇన్నేళ్ళ కష్టం నీళ్ళపాలవుతుంది. “నువ్వు వెళ్తే ఎవరున్నారు త్సిలవూ?” అని మా బాతుల డాక్టరమ్మ అడిగింది.

ఊళ్ళోవాళ్ళ బాతులన్నావు. అవి మనవే కదా! తాతయ్య చెప్పేవాడు చూడు, తెల్లకన్ను బాతు అని. మన అలావుత్ర నీళ్ళలో మునిగి, ఎటో తేలి, మళ్ళీ మునిగేదని. మనం పుట్టేసరికి ఒక్కటీ లేదు. మనవాళ్ళ వలల్లో పోయాయి, బురదనీళ్ళలో మేత దొరక్క పోయాయి. ఇక లోకంలోనే లేదనుకున్న పక్షి ఇక్కడికి కాస్త దూరంలో అడవి నడుమ ఓ చిన్న చెరువులో దాక్కుని ఉంది. అక్కడా పిల్లలకి మేత చాలక చచ్చిపోతుంటే, గూళ్ళలోంచి గుడ్లు తీసి, వెచ్చటి పెట్టెలో పెట్టి, గతుకుల దారిలో ఒళ్ళో పెట్టుకుని ఇక్కడికి తెచ్చారు. అలా బతికిందక్కా. మగవాటికి కన్ను నిజంగానే తెల్లన, పాలచుక్క పెట్టినట్టుంటుంది. ఈమధ్య నా చేతిలోంచి మేత తింటున్నాయి. నాన్న చూసి ఉంటే బాగుండును.

అందుకే చెప్తున్నా. పెదనాన్న ఎవరి మాటా వినడు, ఆ సంగతి నీకూ తెలుసు. మడి పోతే పోనీ, ముందు ప్రాణాలు దక్కించు. నిప్పు పెట్టేలోపు చెవి తెగిన ఆవిడని బయటికి తెచ్చెయ్యి. వెదురుతో పంజరం కట్టు, మేత పెట్టు. మా బాతుని బతికించింది ఆ పనే. నువ్వూ అక్కడ ఒక్కదానివి ఎన్నాళ్ళుంటావు? బావ పోయాక నిన్ను కట్టిపడేసింది ఏముంది? ఇక్కడికి వచ్చెయ్. పిల్లలకి మేత కలిపే పని ఉంది, చెయ్యి నెమ్మదైనవాళ్ళు కావాలట.

నీ తమ్ముడు,
త్సిలవు

*

అలావుత్ర ఒడ్డు,
సెప్టెంబరు 29

త్సిలవుకి,

మడి పోతే పోనీ అన్నావు. ఆ మాట దగ్గర ఉత్తరం మడిచేసి, పొయ్యి మీద అన్నం మాడిపోతున్నా లేవలేదు. నాన్న ఆ మడి నడుమ దిబ్బకే దోనె కట్టి, పొద్దస్తమానం కూర్చుని, నీకు ఈత నేర్పాడు. పోనీయడానికి అదేం పాత చొక్కానా?

సభ అయిపోయింది. నువ్వు రాలేదని అందరూ చూశారు. “త్సిలవు రాలేదంటే వాడికి సమ్మతమేలే” అన్నాడు చిన్నబాబాయి. నేను లేచి ఫాది సంగతి ఎత్తాను. పెదనాన్న నా వంక కోపంగా చూడలేదు, దానికే నాకు భయమేసింది. “బంద్రుని చంపమని నేనెవరికి చెప్పాను తల్లీ? నేను గడ్డి తగలేస్తున్నా. వాటికి కాళ్ళున్నాయి, ఈతొచ్చు, పోతాయి. ఆ పసిపిల్ల నిన్న రాత్రి ఏం తిని పడుకుందో అడిగావా?” అన్నాడు. చిన్నబాబాయి మనవరాలిని అన్నాడు. దానికి ఆ రాత్రి ఉడికించిన కర్రపెండలమే పెట్టారు. నేను మళ్ళీ కూర్చున్నాను.

అక్టోబరు ఆఖరి శుక్రవారం నిప్పు పెడతారు. గురువారం పొలం పని ఫాది కాబట్టి మర్నాటికి పెట్టుకున్నారు. దానికి మాత్రం ఫాది గుర్తుంది మనవాళ్ళకి!

నీ మీద కోపం పోలేదు. కానీ నువ్వు చెప్పినదే తిప్పి తిప్పి ఆలోచిస్తున్నాను. నాకు ఇంకో దారి కనబడటం లేదు. ఆవిడకి పిల్ల పుట్టింది. ఇంత చిన్నది, మొలకలాంటి వేళ్ళు. పంజరం ఎంత వెడల్పు ఉండాలి? మేత ఏం పెట్టాలి? మీ బాతు చేతిలోంచి తింటుందంటున్నావు, ఇవి నా నీడ పడితేనే తుంగలోకి దూరిపోతాయి. డాక్టరమ్మని అడిగి వెంటనే రాయి. శుక్రవారానికి ముందు నాకు అందాలి. రివు కాళ్ళు పట్టుకుని అయినా పంపు.

సువజార

*

సుఫియా చెరువు,
అక్టోబరు 11

అక్కా, అక్కా,

పట్టుకోకు. ఈ ఒక్క ముక్కే ముందు చదువు. వాటిని పట్టుకోకు.

నీ ఉత్తరం డాక్టరమ్మకి చదివి వినిపించాను. ఆవిడ చేతిలో గిన్నె కింద పెట్టేసింది. “నువ్వే చెప్పావా ఆ సలహా?” అంది. తుంగలో బతికే లీమరు లోకం మొత్తంలో ఇదొక్కటేనట, అదీ మన సరస్సు చుట్టూ తప్ప ఇంకెక్కడా లేదట. అప్పుడే విరిచిన లేత కాడలు రోజంతా తినాలట. జత విడిస్తే, కొత్తచోట పెడితే బెంగతోనే పోవచ్చునట. “బాతు గుడ్డుకి తల్లి ఎవరో తెలియదు త్సిలవూ. వెచ్చగా ఉంటే పగులుతుంది. దీనికి తన చోటు తెలుసు” అంది. రెండూ అంతరించిపోయేవే కదా అని ఒకటే మందు అనుకున్నాను. నా బుద్ధి గడ్డి తింది.

ఇలా చెయ్యి. మడి నడుమ నీళ్ళలోకి బారుగా కాలవలా తుంగ కోసెయ్యి. మంట ఆ పాయ దాటకపోతే అవతలి సగంలోకి ఈదిపోతాయి. పోనీ పెదనాన్నకి నా పేరు చెప్పి, సగమైనా వదలమని బతిమాలు. మడి పోతే పోనీ అన్నది నీ ఒక్కదాని మీద బెంగతో అన్నాను, నాన్న మీద మమకారం లేక కాదు. నీకు తెలియదా?

రివు రేపే బయలుదేరుతున్నాడు. దారిలో ఎక్కడా ఆగొద్దని ఒట్టు వేయించాను.

త్సిలవు

*

అలావుత్ర ఒడ్డు,
అక్టోబరు 31

తమ్ముడూ,

నీ జవాబు కోసం కళ్ళు కాయలు కాచాయి. రివు ఇంకా రాలేదు, వచ్చాక పంపుదామని రాసి ఉంచుతున్నాను. శుక్రవారం మాత్రం ఆగలేదు, వచ్చి పోయింది.

గురువారం పొద్దున్నే పక్కింటి వెలుతియానని తీసుకుని దోనె మీద మడిలోకి వెళ్ళాను. ముందు నాన్న పేరు, ముత్తాత పేరు తలుచుకుని, చంపడానికి కాదు, కాపాడటానికే చెయ్యి వేస్తున్నాను, తప్పుంటే నా మీదికే రానివ్వమని మొక్కాను. చేపల వల వేస్తే మగది, ఇంకోటి ఈది తప్పించుకున్నాయి. చెవి తెగిన ఆవిడ మాత్రం పిల్ల వీపు మీద ఉండి పరుగెత్తలేకపోయింది. వల తీస్తుంటే నా వేలు పట్టుకుంది. కొరకలేదు. మన చేతుల్లాగే ఉంటాయిరా ఆ చేతులు.

శుక్రవారం మంట మొదలైంది. ఎండిన అంచు తుంగ కాబట్టి పెళపెళా అంటుకుంది. ఊరంతా గట్టు మీద నిలబడి దగ్గుతూ చూసింది. సగం కాలాక మబ్బు పట్టి వాన కొట్టింది. నాన్న దోనె కట్టే దిబ్బ, దాని అవతలి సగం మిగిలాయి. మిగతాది వానలు తెరపి ఇచ్చాక కానిద్దామన్నాడు పెదనాన్న.

ఆవిడ నా దగ్గరే ఉంది. ఇంటి వెనక నీళ్ళమీద వెదురు పంజరం కట్టాను, నువ్వు రాసినట్టే. గంటగంటకీ లేత తుంగ కోసి తెస్తున్నాను. ఇంకా ముట్టలేదు, ఇంటి గోడకేసి తిరిగి కూర్చుంది. అలవాటు పడుతుందిలే. మీ బాతులు మాత్రం పుట్టగానే నీ చేతికి అలవాటయ్యాయా? నా ఆవిడ వాటికంటే తక్కువది కాదు.

నీ మీద కోపం పోయింది. నువ్వు చెప్పకపోతే ఈపాటికి బూడిదయ్యేవి.

నీ అక్క,
సువజార

*

అలావుత్ర ఒడ్డు,
నవంబరు 9

త్సిలవూ,

ఆవిడ పోయింది. మర్నాడు పిల్ల కూడా పోయింది.

ఒక్క కాడ కూడా తినలేదు. నేను ఒలిచి పెట్టాను, నమిలి చూపించాను, పిచ్చిదానిలా పాట పాడాను. గోడకేసి అలాగే చూస్తూ కూర్చుంది. పిల్లని ఒక్కసారే నా వైపు తిప్పింది, ఎందుకో నాకు తెలియదు. ఆవిడ పోయాక పిల్లకి గుడ్డముక్కతో మేకపాలు పట్టబోతే మింగలేదు.

పిల్ల పోయిన పూటే రివు వచ్చాడు. వంతెన దగ్గర లారీ కూరుకుపోయి అక్కడే పడున్నాడట. నీ ఉత్తరం చేతికిస్తూ, “బాగున్నావా అక్కా?” అన్నాడు. పట్టుకోకు అని నువ్వు రాసిన ముక్క పంజరం పక్కనే నిలబడి చదివాను. నీ మీద అరిచాను, రివు మీద అరిచాను. తర్వాత అరవడానికి నా మీద తప్ప ఎవరూ మిగల్లేదు. గడ్డి తగలేసిన పెదనాన్న చేతికి ఫాది అంటలేదు. చంపింది నేను.

దాచిపెట్టాలని మనసులోకి రాలేదురా. మనింట్లో ఎవరి చేతిలో బంద్రు పోతే వాళ్ళు దాన్ని ఇంటి మనిషిలా సాగనంపాలి, అందరి ముందూ క్షమించమని అడగాలి. ఇంతవరకూ ఎవరికీ ఆ అవసరం పడలేదు, నాకు పడింది. రెంటినీ నా పెళ్ళినాటి పైబట్ట, లాంబాలో చుట్టి, దోనెలో పెట్టుకుని, నాన్న దిబ్బ మీద గొయ్యి తవ్వాను. వెలుతియాన వెళ్ళి పెదనాన్నని పిలుచుకొచ్చింది. పోయిన పెద్దల్ని పిలిచి ప్రార్థన చేయాల్సింది ఆయనే కదా, ఆయన లేకుండా మట్టి వేయకూడదు. ఆయన వెంట ఊరు సగం వచ్చింది.

పెదనాన్న దోనె దిగి గొయ్యి చూశాడు. చుట్టూ మిగిలిన తుంగ చూశాడు.

“ఎక్కడ తవ్వావో తెలిసే తవ్వావా?” అన్నాడు.

“నాన్న దోనె కట్టే చోటు పెదనాన్నా.”

“అదడగలేదు. పూడ్చిన చోట నిప్పు పెట్టరాదు, నాగలి దించరాదు. అది తెలిసే తవ్వావా అంటున్నా.”

ఒట్టేసి చెప్తున్నా తమ్ముడూ, అప్పటిదాకా నాకు తట్టలేదు. అదే చెప్పాను. చిన్నబాబాయి ఊరుకోలేదు. “కోతినీ మనిషినీ ఒకటి చేస్తున్నారు! దీనికోసం పిల్లలు పస్తులుండాలా? ప్రార్థన చేయకు అన్నయ్యా, తీసుకెళ్ళి ఒడ్డున పాతిపెట్టండి” అన్నాడు. ఆయన తప్పేం మాట్లాడలేదు. మనవరాలు ఆయన చెయ్యి పట్టుకునే నిలబడి ఉంది.

నాకు ఏడుపాగలేదు. “పెదనాన్నా, మీకు కావాలంటే ఒడ్డుకే తీసుకెళ్తాను. తప్పు నాది. మీరు ప్రార్థన చెయ్యండి చాలు, ఎక్కడైనా సరే” అన్నాను.

ఆయన గొయ్యి దగ్గర చతికిలబడి గుడ్డ మడత కొంచెం తీశాడు. పిల్ల చెయ్యి బయటపడింది. ఆ వేళ్ళని తన బొటనవేలి మీద పెట్టుకుని చూశాడు. “మా తాత కథ చెప్పేటప్పుడు వాటి చేతుల సంగతి చెప్పలేదు” అన్నాడు. తర్వాత తన భుజం మీది లాంబా తీసి నా దాని మీద కప్పాడు. దోనెల్లోంచి ఎవరో సణుగుతుంటే వెనక్కి తిరక్కుండానే, “నోరు ముయ్యండి, పెద్దల్ని పిలుస్తున్నా” అన్నాడు.

ముత్తాత పేరుతో మొదలుపెట్టి నాన్న పేరు దాకా అందరినీ పిలిచాడు. నాన్న పేరు రెండుసార్లు పిలిచాడు. మట్టి వేశాక లేచి, “ఇక ఈ దిబ్బకి అవతల పొలం లేదు. కాల్చిన సగంలోనే వరి వేస్తాం. చాలదు, తెలుసు. ఈ ఏడాది ఆకలేసినప్పుడల్లా నన్ను తిట్టుకోండి, ఆ పిల్లని ఏమీ అనకండి” అన్నాడు. ఆ పిల్లంటే నేను.

మడి సగం మిగిలింది. నాకు సంతోషంగా లేదు త్సిలవూ. ఆవిడ లేని మడి అది.

సువజార

*

సుఫియా చెరువు,
డిసెంబరు 12

అక్కా,

ఎన్నిసార్లు మొదలుపెట్టి చించేశానో. ఆవిడని చంపింది నువ్వు కాదు, ఇక్కడ కూర్చుని పెద్ద తెలిసినవాడిలా ఉత్తరం రాసిన నేను. ఫాది నా మీదికి రావాలి. వచ్చి పెదనాన్న ముందు ఆ మాటే చెప్తాను.

మొన్న పంజరాల తలుపులు తీసేశాం. ఊరు ఊరంతా వచ్చింది, పాటలు పాడారు. బాతులు మాత్రం బయటికి రాలేదు. తలుపు తెరిచే ఉంది, చెరువంతా వాటిదే, అయినా లోపలే తిరుగుతున్నాయి. చివరికి ఒక ఆడబాతు గడప దాటి, నీళ్ళలోకి చూసి, మునిగింది. ఎక్కడో దూరంగా తేలేసరికి డాక్టరమ్మ ఏడ్చింది. నేనూ ఏడ్చాను, బాతు కోసం కాదు. ఆ తెరిచిన తలుపు చూస్తుంటే గోడకేసి కూర్చున్న ఆవిడే కళ్ళలో మెదిలింది.

ఇక్కడి పని చాలించుకుంటానక్కా. వచ్చే నెలాఖరుకి మూట కట్టుకుని వచ్చేస్తాను. వలలు లాగుతాను, మడి కాపలా కాస్తాను. నువ్వు ఒక్కదానివే మోయక్కర్లేదు. వద్దని మాత్రం అనకు.

నీ తమ్ముడు,
త్సిలవు

*

అలావుత్ర ఒడ్డు,
జనవరి 6

నా బంగారు తమ్ముడికి,

వద్దు. వద్దనకు అన్నావు కాబట్టి ముందే అనేస్తున్నాను. రావొద్దు.

చూడాలని లేక కాదు, రోజూ నీ కోసం దారి చూస్తూనే ఉన్నాను. పంట విరామంలో వచ్చి నాలుగు రోజులుండి, అన్నం తిని, నా చేత తిట్లు తిని వెళ్ళు. మూట కట్టుకుని మాత్రం రాకు. నువ్వు చెప్పింది బాతు విషయంలో తప్పు కాదురా. దాన్ని చోటు మార్చారు, బతికింది. ఆవిడ చోటు నేను మార్చాను, పోయింది. అక్కడ తలుపులు తీసి కాపలా కాసేవాడు కావాలి, ఇక్కడ కదలకుండా కూర్చునేదాన్ని నేనున్నాను. నన్ను అక్కడికి రమ్మని కూడా ఇక అడగకు. నన్నిక్కడ కట్టిపడేసింది ఏముందని రాశావు కదా, ఇప్పుడు ఉంది.

తిండికి కష్టంగానే ఉంది, అబద్ధం చెప్పను. పెదనాన్న ఎర్ర ఎద్దుని అమ్మేశాడు, తన అంత్యక్రియల విందుకని పెంచుకున్నదాన్ని. ఆ డబ్బుతో బియ్యం కొని అందరి ఇళ్ళకీ పంచాడు. చిన్నబాబాయి ఇప్పటికీ నాతో మాట్లాడడు. ఆయన కోడలు మాత్రం దొడ్డిదారిన వచ్చి ఉప్పు అడిగి పోతుంది.

నిన్న పొద్దున మిగిలిన సగంలోంచి అరుపు వినబడింది. తప్పించుకున్న మగదే అయ్యుంటుంది. రెండోది కూడా పలికింది. దోనెలో కూర్చుని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడ్చాను, వాటికి వినబడకుండా.

ఇంకో సంగతి. పెదనాన్న రోజూ వల చూసుకునే నెపంతో దిబ్బ దగ్గరికి వస్తున్నాడు. వల అక్కడ వేయడం మానేసి చాలా రోజులైంది, ఆ సంగతి నాకు తెలియదనుకుంటున్నాడు. మొన్న నేను తుంగ చాటున ఉన్నానని చూడకుండా, మోకాలి లోతు బురదలో దిగి, కాలిన సగం అంచున బురదనీటికి అడ్డంగా తుంగ దుంపలు నాటుతున్నాడు. అదే సగం, వరికని తగలబెట్టించింది. నడుం పట్టేసినట్టుంది, ఒక్కో దుంపకీ లేచి నిలబడుతున్నాడు. నేను చప్పుడు కాకుండా వెనక్కి వచ్చేశాను.

సాయంత్రం ఇంటికొచ్చి, అన్నం మాడు మీద కాచిన నీళ్ళు గిన్నెడు తాగి, పోతూ పోతూ గుమ్మంలో ఆగాడు. నీకు రాయమని ఒక్క మాట అడిగాడు. పెద్దాయన అడిగింది కాబట్టి డాక్టరమ్మని కనుక్కుని, సరిగ్గా రాయి.

తెల్లకన్ను బాతు మళ్ళీ ఇక్కడికి రావాలంటే నీళ్ళు ఎంత తేటగా ఉండాలి?

నీ అక్క,
సువజార